తీర్పుల్లో కనిపించని పిల్లలు



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన ధర్మనిధి ఎవరి పేరున ఉందో ఆ మాస్టారు మాకు శాసన వ్యాఖ్యానం చెప్పేవారు. సెక్షన్ చదివించి, అర్థం చెప్పించి, చివర ఒక ప్రశ్న వేసేవారు: "దీన్ని అమలు చెయ్యాల్సిన గుమాస్తా బల్ల మీద ఏ కాయితం ఉంటుంది?" మాలో ఎవరికీ జవాబు వచ్చేది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించి మన చట్టం ఏమంటుందో పరిశోధించాలనుకునే వాళ్లకు ఇవాళ అదే ప్రశ్న వేస్తున్నాను.

ఎల్‌ఎల్‌ఎం విద్యార్థికి ఈ అంశం ఇచ్చి సుప్రీంకోర్టు తీర్పులు వెతకమనండి. సాయంత్రానికి కొన్ని పేర్లు రాసుకొస్తాడు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన వికాస్ కుమార్ తీర్పు, అదే ఏడాది అక్టోబరులో రజనీష్ కుమార్ పాండే, నవంబరులో అవనీ ప్రకాశ్, 2024 అక్టోబరులో ఓంకార్ గోండ్. అన్నీ మంచి తీర్పులే. ఒకసారి పిటిషనర్లు ఎవరో చూడండి. వికాస్ కుమార్ సివిల్ సర్వీసెస్ అభ్యర్థి. చేతి కండరాలు బిగుసుకుపోయే సమస్య వల్ల పరీక్ష రాసిపెట్టే మనిషి కావాలని అడిగాడు. అవనీ ప్రకాశ్ నీట్ రాసిన అమ్మాయి. డిస్‌గ్రాఫియా ఉన్నా అదనపు గంట ఇవ్వలేదు. ఓంకార్ గోండ్ ఎంబీబీఎస్ సీటు కోసం వచ్చాడు. రజనీష్ కుమార్ పాండే కేసులో కోర్టుకెళ్లింది ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు. పోస్టులు లేవనీ, ఉన్నచోట కాంట్రాక్టు మీద పెడుతున్నారనీ వాళ్ల ఫిర్యాదు.

పరీక్ష రాసేవాళ్లు, సీటు అడిగేవాళ్లు, ఉద్యోగం అడిగేవాళ్లు. రెండో తరగతిలో కూర్చుని పలక మీద అక్షరం దిద్దలేకపోతున్న ఏడేళ్ల పాప వీళ్లలో లేదు. ఆ పాపకు ఎంత నేర్పితే చట్టం ప్రకారం నేర్పినట్టు? ఈ ప్రశ్నకు మన సుప్రీంకోర్టు జవాబు చెప్పాల్సిన సందర్భమే రాలేదని నా అభిప్రాయం. హైకోర్టుల్లో అక్కడక్కడా పిల్లలు కనిపిస్తారు. ఢిల్లీ హైకోర్టు 2014లో ప్రమోద్ అరోరా కేసులో నర్సరీ అడ్మిషన్ల దగ్గర దివ్యాంగ పిల్లల సంగతి విడిగా చూడాలంది. 2025లో అదే కోర్టు, ఆటిజం ఉన్న పాపను తిరిగి చేర్చుకోమని ఒక ప్రైవేటు స్కూలును ఆదేశించింది. ఇవి వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవి. పైగా స్కూలు గేటు దాటించే కేసులే తప్ప, గేటు లోపల ఏం జరిగిందని అడిగినవి కావు.

ఎందుకిలా? కారణాల్లో మొదటిది చాలా చిన్నది. స్కూలు "కాదు" అన్నమాట కాయితం మీద పెట్టదు. "మా దగ్గర అంత సదుపాయం లేదమ్మా, చేర్చుకుంటే మీ బాబే ఇబ్బంది పడతాడు" అంటారు, మర్యాదగా, కాఫీ కూడా ఇచ్చి. తల్లి దరఖాస్తు ఫారం తీసుకోకుండానే వెనక్కొస్తుంది. దరఖాస్తే లేనప్పుడు తిరస్కరణ ఎక్కడుంటుంది? తిరస్కరణ లేనిదే రిట్ ఎక్కడుంటుంది? ప్రభుత్వ బడిలో కథ ఇంకోలా నడుస్తుంది. అక్కడ చేర్చుకుంటారు, హాజరు వేస్తారు, పై తరగతికి పంపుతారు. రికార్డు ప్రకారం ఆ పిల్లకు ఏ అన్యాయమూ జరగలేదు.

రెండో కారణం కాలం. పోస్టు కోసం ఉపాధ్యాయుడు పదేళ్లు కోర్టుల చుట్టూ తిరగగలడు. ఒకటో తరగతి పిల్ల కేసు పదేళ్లు నడిస్తే తీర్పు వచ్చేనాటికి ఆమెకు పదహారేళ్లు. బడితో వైరం పెట్టుకుంటే మర్నాటి నుంచి పిల్లను చూసే చూపు మారుతుందన్న భయం సరేసరి.

పోలిక కోసం అమెరికా వైపు చూడాల్సిందే, ఎందుకంటే ఈ ప్రశ్న మీద అక్కడ యాభై ఏళ్ల వాదన ఉంది. 1975 నవంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో వచ్చిన చట్టమే తర్వాత పేరు మార్చుకుని ఐడియా చట్టమయింది. ప్రతి పిల్లకూ రాతపూర్వకంగా వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) ఉండాలంటుంది. మన డల్లాస్, న్యూజెర్సీ తెలుగు కుటుంబాల్లో ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులందరికీ నోరు తిరిగిన మాట, "ఐఈపీ మీటింగు". ప్రణాళిక నచ్చకపోతే విచారణాధికారి ముందుకు వెళ్లవచ్చు. రాజీకి ఇచ్చిన 30 రోజులు ముగిశాక 45 రోజుల్లో నిర్ణయం రావాలని నిబంధన. ఆ ఒక్క ఏర్పాటు వల్ల అక్కడి న్యాయశాస్త్రమంతా పిల్ల చుట్టూ పెరిగింది.

1982 నాటి రౌలీ కేసు చూడండి. ఏమీ రౌలీ న్యూయార్క్ రాష్ట్రంలో చదువుకుంటున్న చెవిటి పాప, చురుకైనది. తరగతిలో సంజ్ఞాభాష దుబాసీ కావాలని తల్లిదండ్రులు అడిగారు. పాప ఎలాగూ పాసవుతూ పై తరగతికి వెళుతోంది కనుక చట్టం కోరినంత అందినట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. ముప్ఫై అయిదేళ్లు ఆ మాట కింది కోర్టుల్ని ఏలింది. కొన్ని కోర్టులైతే ఏదో కాస్త ప్రయోజనం, సున్నా కంటే ఎక్కువుంటే చాలన్నదాకా దిగజారాయి. 2017లో కొలరాడో నుంచి ఎండ్రూ కేసు వచ్చింది. ఆటిజం ఉన్న ఆ కుర్రాడికి అయిదో తరగతి కోసం రాసిన ప్రణాళికలో పాత లక్ష్యాలే దాదాపుగా మళ్లీ దించారు. తల్లిదండ్రులు అతన్ని ప్రైవేటు స్కూలుకు మార్చి, ఫీజు ఇప్పించమన్నారు. ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్రణాళిక ఉండాలని ఈసారి న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా చెప్పారు. రెండు తీర్పుల్లోనూ కోర్టు తిరగేసింది ఒక పిల్ల ప్రోగ్రెస్ కాయితాలే.

అమెరికాలో అంతా బాగుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. ప్రణాళిక తప్పని రుజువు చేసే భారం ఫిర్యాదు చేసినవాళ్లదేనని 2005లో అక్కడి సుప్రీంకోర్టు అంది. న్యూజెర్సీ తర్వాత సొంత చట్టం చేసుకుని ఆ భారాన్ని బడుల మీదే పెట్టింది కానీ, అన్ని రాష్ట్రాలూ ఆ పని చేయలేదు. తల్లిదండ్రులు గెలిచినా నిపుణుల ఫీజు వెనక్కి రాదని 2006లో మరో తీర్పు. డబ్బున్నవాళ్ల పిల్లలకు దగ్గరగా, లేనివాళ్లకు దూరంగా ఉండే న్యాయం అది. అయినా అక్కడి పరిశోధకుడికి చదవడానికి వేల విచారణ నిర్ణయాలున్నాయి. మనకు ఆ ముడిసరుకే లేదు. అందుకే అమెరికన్ పరిశోధనా పద్ధతిని, అంటే తీర్పులు పోగేసి సూత్రం లాగడాన్ని, ఇక్కడికి తెచ్చుకుంటే చేతికి పరీక్ష హాళ్ల న్యాయశాస్త్రం వస్తుంది, తరగతి గదిది రాదు. తీర్పు కింద ఉన్న కాయితాల్లోకి దిగాలి.

ముందు చట్టాల్నే జాగ్రత్తగా చదువుదాం. ఇక్కడ తెలుగువాళ్లకో చిన్న గర్వకారణం, లేదా సిగ్గుపడాల్సిన సంగతి, ఎలా తీసుకుంటే అలా. పద్నాలుగేళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కని 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఆ దారిలో 86వ సవరణ, 21ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం వచ్చాయి. దివ్యాంగ పిల్లల్ని విద్యాహక్కు చట్టంలోకి స్పష్టంగా తెచ్చింది 2012 సవరణ. వాళ్ల హక్కును 1995 నాటి దివ్యాంగుల చట్టం అయిదో అధ్యాయానికి ముడిపెట్టి రాశారు. తీరా 2016 చట్టం వచ్చి ఆ 1995 చట్టాన్నే రద్దు చేసింది. రద్దయిన చట్టం ప్రస్తావన ఉన్నచోట దాని బదులు వచ్చిన చట్టాన్ని చదువుకోవాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది కాబట్టి హక్కు బతికే ఉంది. ఈ మెలిక తెలియకుండా రాసిన థీసిస్‌లు నేను చూశాను.

2016 చట్టంలో రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవాలి. 31వ సెక్షన్ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉచిత విద్య ఇస్తుంది. పక్క బడిలో చదవాలా ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టం. అయితే ఇది బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం ఆ పైన ఉన్నవాళ్లకే. 16వ సెక్షన్‌లో ఆ గీత లేదు. వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్ల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయడం, ప్రగతి గమనించడం, రవాణా, ఇవన్నీ వైకల్యమున్న పిల్లలందరికీ వర్తిస్తాయి. ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులూ దీని కిందికే వస్తాయి. సర్దుబాటు హక్కుకు 40 శాతంతో పని లేదని వికాస్ కుమార్ తీర్పు పరీక్షల సందర్భంలో గట్టిగా చెప్పింది. దాని ఫలితంగా 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అదే తర్కం తరగతి గదికీ వర్తిస్తుంది కదా? ఈ వాదనను మన తెలుగు రాష్ట్రాల రెండు హైకోర్టుల ముందు ఎవరైనా లాయరు పెడితే బాగుండునని నా ఆశ. ఎందుకంటే క్షేత్రంలో మొదటి ప్రశ్నే "సదరం ఉందా?" వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేదంటే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. పింఛనుకు సర్టిఫికెట్ అడగడం న్యాయమే. ముందు బెంచీలో కూర్చోబెట్టడానికీ, బోర్డు మీద అక్షరాలు పెద్దవిగా రాయడానికీ సదరం ఎందుకు?

చట్టం కింది పొర నోటిఫికేషన్లు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్ని వీలైనంత త్వరగా గుర్తించాలని 16వ సెక్షనే అంటుంది. వైకల్య నిర్ధారణ కోసం 2018 జనవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఆ సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలన్నారు. పద్నాలుగేళ్లకు ఒకసారి, పద్దెనిమిదేళ్లకు ఒకసారి మళ్లీ పరీక్షించాలన్నారు. తొందరపడి చిన్నపిల్లకు ముద్ర వేయకూడదన్నది వైద్యుల జాగ్రత్త, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఎనిమిదేళ్లంటే మూడో తరగతి. చదువులో పునాది పడే మూడేళ్లూ ఆ పిల్ల "మొద్దు", "అల్లరిది", ఇంకా ముద్దుగా "బద్ధకం". త్వరగా గుర్తించు అన్న సెక్షన్‌కూ, ఎనిమిదేళ్లు ఆగు అన్న నోటిఫికేషన్‌కూ మధ్య ఆ మూడేళ్లలో బడి బాధ్యత ఏమిటి? మంచి పరిశోధనాంశం. దానికి అనుబంధంగా ఇంకోటి: తెలుగు మీడియం పిల్లను ఏ భాషలో పరీక్షించారు? జిల్లా ఆసుపత్రి కాయితాల్లో ఆ వివరం ఉందో లేదో చూడండి. భాష రాకపోవడాన్ని వైకల్యంగానో, వైకల్యాన్ని భాష రాకపోవడంగానో లెక్కగట్టే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక రజనీష్ కుమార్ పాండే తీర్పు దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే దాని ప్రయాణమే ఒక పాఠం. ఎంతమంది పిల్లలకు ఒక ప్రత్యేక టీచరుండాలన్న లెక్క కేంద్రం దగ్గర లేదని కోర్టు గమనించింది. లెక్క తేలేదాకా తాత్కాలికంగా ఒకటి పాటించమంది: సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు ఎనిమిది మందికి ఒకరు, మేధోవైకల్యం, ఆటిజం, అభ్యసన వైకల్యాలున్నవాళ్లు అయిదుగురికి ఒకరు, చూపూ వినికిడీ రెండూ లేని పిల్లలు ఇద్దరికి ఒకరు. ఈ అంకెలు కోర్టు ఊహించి చెప్పినవి కావు. ఢిల్లీ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఒక ఫిర్యాదు మీద చేసిన సిఫార్సుల్లోంచి తీసుకుంది. అంటే ఎవరూ చదవని ఒక కమిషనర్ ఉత్తర్వు సుప్రీంకోర్టు దాకా నడిచింది! తర్వాత 2022లో కేంద్రం విద్యాహక్కు చట్టం షెడ్యూలు సవరించి ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పదిమందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిది దాకా పదిహేను మందికి ఒకరు అని ఖాయం చేసింది. తాత్కాలిక లెక్క కంటే శాశ్వత లెక్క పల్చబడింది. వైకల్యాన్ని బట్టి ఉన్న తేడాలూ చెరిగిపోయాయి. దీన్ని ఎవరూ సవాలు చేయకపోవడం నాకు ఆశ్చర్యం. 2025 మార్చిలో కోర్టు మళ్లీ జోక్యం చేసుకుని, రాష్ట్రాలన్నీ పోస్టులు ప్రకటించాలనీ, ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్నవాళ్ల అర్హతల్ని కమిటీలతో పరిశీలింపజేయాలనీ ఆదేశించింది.

తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపించారు. పరిశోధకుడు ఈ 1,016 దగ్గర ఆగకూడదు. ఆ అంకె ఏ లెక్క మీద వచ్చింది? ఏ బడిలో ఎంతమంది పిల్లల్ని లెక్కపెట్టారు? చేరినవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు? మన రెండు రాష్ట్రాల్లోనూ ఇన్నాళ్లూ ఈ బరువు మోసింది దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల ఐఈఆర్‌పీలు, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు. వారంలో కొన్ని రోజులు కేంద్రం, మిగతా రోజులు ఊళ్లు తిరిగి ఇళ్ల దగ్గర పాఠాలు.

ఇంటి దగ్గర చదువు గురించి ఒక ఫైలు సంగతి చెప్పాలి. ఒక మండలంలో అనుమతి తీసుకుని చూశాను, ఊరి పేరు వద్దు. పొడుగాటి రూళ్ల రిజిస్టరు. తేదీ, పిల్లవాడి పేరు, చేసిన పని, తల్లి సంతకం. "కాళ్లకు వ్యాయామం చేయించాను. ఎరుపు, పసుపు గుర్తించాడు." తర్వాతి వారం "ఎరుపు, పసుపు గుర్తించాడు." ఆ తర్వాత ఎనిమిది పేజీల పాటు ఎరుపు, పసుపే. నీలం దాకా ఎప్పుడూ రాలేదు. ఆ టీచరును తప్పుపట్టను, ఆమెకు బస్సు దిగాక మూడు కిలోమీటర్లు నడక. నేను వెతికింది వేరే కాయితం. 2012 సవరణ ప్రకారం తీవ్ర వైకల్యమున్న పిల్లకు ఇంటి దగ్గర చదువు కోరుకునే హక్కుంది. కోరుకోవాల్సింది పిల్ల, ఆమె కుటుంబం. ఫైలంతా తిరగేసినా తల్లి కోరినట్టు ఒక్క దరఖాస్తు లేదు. బడికి ర్యాంపు లేదు కాబట్టి ఇల్లే బడి అయింది. హక్కుగా రాసుకున్నది సౌకర్యం లేని బడికి సాకుగా మారిన తీరు ఆ రూళ్ల పుస్తకంలో ఉంది, ఏ లా జర్నల్లోనూ లేదు. ఎండ్రూ కేసులో వాదన నడిచిందీ ఇలాంటి పునరావృతం మీదే కదా. అలాంటి కాయితం మన దగ్గరా ఉంది, దాన్ని అడిగే వేదిక మాత్రం అలవాటు కాలేదు.

వేదికే లేదనడం సరికాదు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి, ఆపైన బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు ఉంది. 2016 చట్టం కింద రాష్ట్ర కమిషనర్‌కు సాక్షుల్ని పిలిపించడానికీ, రికార్డులు తెప్పించడానికీ సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. ఆయన సిఫార్సు చేస్తే సంబంధిత అధికారి చర్య తీసుకుని మూడు నెలల్లో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణం రాయాలి. కమిషనర్ వార్షిక నివేదికను, తీసుకున్న చర్యల వివరంతో, శాసనసభ ముందు పెట్టాలి. మనవాళ్లు శాసనసభ లైబ్రరీకి వెళ్లి ఆ నివేదికలు అడిగితే ఏం దొరికిందో, ఏం దొరకలేదో అదే మొదటి అధ్యాయం. బడికెళ్లే దివ్యాంగ పిల్లల సర్వే అయిదేళ్లకోసారి చేయాలనీ, మొదటిది రెండేళ్లలో పూర్తి చేయాలనీ 17వ సెక్షన్ చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. అంటే 2019 ఏప్రిల్‌కు మన జిల్లాల మొదటి సర్వే సిద్ధంగా ఉండాలి. సమాచార హక్కు కింద జిల్లావారీగా అడగండి. "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు" అన్న జవాబు కూడా సాక్ష్యమే, తేదీ, ముద్ర చూసుకుని దాచుకోండి.

జీవోల విషయంలో ఒక హెచ్చరిక. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలు మామూలుగా ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో గానీ మళ్లీ మొదలుకాలేదు. ఆ మధ్యకాలం మీద పనిచేసేవాళ్లు వెబ్‌సైటులో లేదు కాబట్టి జీవోయే లేదనుకోకండి. సచివాలయంలో అడగాలి, లేదా జిల్లా విద్యాశాఖాధికారి ప్రొసీడింగ్స్‌లో పైన రాసే "సూచిక" పంక్తి పట్టుకుని వెనక్కి నడవాలి. ఆ ఒక్క పంక్తిలో ఉండే నంబరు, తేదీ చాలాసార్లు గెజిట్ కంటే ఎక్కువ దారి చూపిస్తాయి.

పిల్లల కాయితాలతో పనిచేసేటప్పుడు పేరు తీసేస్తే సరిపోతుందనుకుంటారు. చిన్న ఊళ్లో "వినికిడి లేని, ఆరో తరగతి చదివే అమ్మాయి" అంటే ఒక్కతే ఉంటుంది. ఊరు, తరగతి, వైకల్యం మూడూ ఒకేచోట రాయకండి. తల్లి సంతకం ఒక్కటీ తీసుకుని ఊరుకోకుండా, పిల్లతోనూ ఒక మాట మాట్లాడండి. పద్నాలుగేళ్ల పిల్లకు తన ఫైలు గురించి అభిప్రాయం ఉంటుంది.

ప్రభుత్వానికి నాది ఒకే కోరిక. రెండు రాష్ట్రాల దివ్యాంగుల కమిషనర్లు విద్యకు సంబంధించి ఇచ్చిన ఉత్తర్వులన్నిటినీ, పిల్లల ఆనవాళ్లు తీసేసి, ఏటేటా విషయసూచికతో తెలుగులో అచ్చువేయాలి. ఖర్చు పెద్దది కాదు. ఉత్తర్వులు తక్కువగా ఉంటే పుస్తకం పల్చగా ఉంటుంది, అదీ అందరికీ తెలియాల్సిన సంగతే. న్యాయ కళాశాలలకు ఇంకో కోరిక. ప్రతి కళాశాలలో న్యాయ సహాయ కేంద్రం ఉంది. వచ్చే జూన్‌లో అడ్మిషన్ల కాలంలో ఇద్దరిద్దరు విద్యార్థులు తల్లిదండ్రుల వెంట బడికి వెళ్లి, దరఖాస్తు రాయించి, రసీదు తీసుకుని రండి. "చేర్చుకోం" అంటే ఆ మాట కాయితం మీద రాసివ్వమని అడగండి.